టీషర్టుల మీద మన ఒత్తుల్ని బతకనివ్వండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. ఉగాది దగ్గర పడుతోందంటే చాలు బెంగళూరులో మన తెలుగు అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో టీషర్టుల హడావిడి మొదలవుతుంది, సైజులు పంపండి, మినిమం ఇన్ని పీసులు ఉండాలంట, ఫలానా తారీకు లోపల డబ్బులు వెయ్యండి అని. అందరం ఒకేలా వేసుకుని ఫొటో దిగడం నాకూ ఇష్టమే. నా బాధంతా ఆ టీషర్టుల మీద వస్తున్న తెలుగు గురించే. మా నాన్నగారి షష్టిపూర్తికి ఇక్కడే ఒక ప్రింటింగ్ షాపులో ఆర్డర్ ఇచ్చాం, బట్ట బావుంది, రంగు బావుంది, అక్షరాలు మాత్రం "షష్‌టిపూర్‌తి" అని వచ్చాయి. ట ఒత్తూ లేదు, త ఒత్తూ లేదు, వాటి బదులు పొల్లులు నిలబడి ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన మా మేనత్త దాన్ని చేత్తో పట్టుకుని ఇదేం తెలుగే అమ్మా అని అడిగింది. ఆ షాపు అబ్బాయిని తిట్టడానికి నాకు మనసు రాలేదు, తెలుగు చక్కగా మాట్లాడతాడు కానీ చదవలేడు, అతను చదివింది కన్నడ. అతని కంటికి అంతా సరిగ్గానే ఉంది మరి.

అసలు ఇలా ఎందుకవుతుందో తెలుసుకుంటే సగం సమస్య తీరిపోతుంది. మనం ఫోన్లో టైప్ చేసే తెలుగు యూనికోడ్, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల కోడు, 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, అందుకే ఈ ఫోన్లో కొట్టింది ఆ ఫోన్లో సరిగ్గా కనిపిస్తుంది. షాపువాళ్లు దాన్ని కాపీ చేసి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తారు. ఫొటోషాప్ పాత వెర్షన్ల లాంటివాటిలో భారతీయ లిపులకి వేరే టెక్స్ట్ సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టకపోతే ఒత్తు అక్షరం కిందకి రాదు, విడిపోయి పక్కన పడుతుంది. ఇంకొన్ని చోట్ల పాత డీటీపీ ఫాంట్లు వాడతారు, వాటికి యూనికోడ్ తెలియదు, అందులో పేస్ట్ చేస్తే మొత్తం పిచ్చి గీతలే. తెలుగు చదవగలిగిన మనిషి ప్రింటుకి ముందు ఒక్కసారి చూస్తే ఇవన్నీ దొరికిపోతాయి, కానీ ఆ మనిషి షాపులో ఉండడు, మన ఇంట్లో ఉంటాడు.

అందుకే నేను చెప్పేదేంటంటే పుట్టినరోజులకి, షష్టిపూర్తులకి, అపార్ట్‌మెంట్లో పదిమంది పిల్లలు చేసే నాటకానికి టీషర్టులు ఇంట్లోనే చేసుకోండి. ఇస్త్రీపెట్టె, ఇంక్‌జెట్ ప్రింటర్, ట్రాన్స్‌ఫర్ పేపర్ (దీని మీద ప్రింట్ తీసి ఇస్త్రీ చేస్తే బొమ్మ బట్టకి అతుక్కుంటుంది) ఉంటే చాలు. నలుగురికి కావాలంటే నాలుగే చేసుకుంటాం, మినిమం ఆర్డర్ అని ఎక్కువ తీసుకుని మిగిలినవి అల్మరాలో కుక్కక్కర్లేదు. పేరు పిల్లలే టైప్ చేస్తారు, చదువుతారు, తప్పుంటే దిద్దుతారు. మా పిల్లలకి బడిలో తెలుగు లేదండి, ఇంట్లో నేర్పిందే. పుస్తకం ముందు కూర్చోమంటే కూర్చోని మా చిన్నవాడు తన పేరులో ర ఒత్తు సరిగ్గా పడిందా లేదా అని స్క్రీన్ పెద్దది చేసి మరీ చూస్తున్నాడు.

ఫాంట్లకి డబ్బులు పెట్టక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, గిడుగు, గురజాడ ఇలా మన కవుల పేర్లతో, పెద్దల పేర్లతో బోలెడన్ని ఉచితంగా ఉన్నాయి. టీషర్టుకైతే రామభద్ర లాంటి లావు అక్షరాలు తీసుకోండి, సన్నగీతల ఫాంట్లు తెర మీద ఎంత ముచ్చటగా ఉన్నా ఉతికేకొద్దీ ఆ సన్నటి చోటే ముందు లేస్తుంది, అందులోనూ కింద విడిగా ఉండే ఒత్తులు మొదట పోతాయి.

పేపర్ కొనేటప్పుడు జాగ్రత్త, ఇందులో రెండు రకాలున్నాయి. తెల్లటి, లేతరంగు బట్టలకి ఒకటి, ముదురు రంగులకి ఇంకొకటి. లేతరంగు దాని పూత పారదర్శకంగా ఉంటుంది, బొమ్మ తిరగేసి, అంటే అద్దంలో కనిపించినట్టు ప్రింట్ తీసి, ప్రింట్ ఉన్న వైపు బట్టకి ఆనించి ఇస్త్రీ చేయాలి. ముదురు రంగుల పేపర్‌కి తెల్లటి పొర ఉంటుంది, దాని మీద మామూలుగానే ప్రింట్ తీసి, వెనక కాగితం ముందే ఒలిచేసి, బొమ్మ పైకి కనిపించేలా పరిచి, దాంతో వచ్చే నూనెకాగితం లాంటిది కప్పి ఇస్త్రీ చేయాలి. ఈ రెండూ తారుమారైతే టీషర్టు, పేపర్ రెండూ దండగ. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, తిరగబడినా పైపైన చూస్తే పట్టుకోలేం, అందుకని ముందు మామూలు కాగితం మీద ప్రింట్ తీసి అద్దం ముందు పెట్టి చదవండి, అద్దంలో సరిగ్గా చదవగలిగితే లేతరంగు పేపర్‌కి అది సరైనదే.

కొన్ని ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నల్ల ఇంకు పిగ్మెంట్ రకం, రంగులు డై రకం. పిగ్మెంట్ నీళ్లకి బాగా తట్టుకుంటుంది, డై తొందరగా వెలుస్తుంది. అందుకే అలాంటి ప్రింటర్లో తీస్తే తెల్ల టీషర్టు మీద నల్ల అక్షరాలు చాలాకాలం నిలుస్తాయి. సెట్టింగ్‌లో ఫొటో పేపర్ అని పెడితే కొన్ని ప్రింటర్లు అసలు నలుపు వాడకుండా రంగులు కలిపి నలుపు చేస్తాయి, ప్లెయిన్ పేపర్ అని పెట్టుకోవడం మంచిది. ఇంకో ముఖ్యమైన మాట, ఇంట్లో ప్రింటర్ లేదని ఇంక్‌జెట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ పట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్లకండి. అక్కడుండేది లేజర్ మెషీన్, లోపల కాగితం దాదాపు 200 డిగ్రీల వేడి రోలర్ల మధ్య నుంచి వెళ్తుంది, మన పేపర్ మీద పూత కరిగి దానికి అంటుకుపోతుంది, ఆ షాపాయన మెషీన్ పాడవుతుంది. లేజర్‌కి వేరే ట్రాన్స్‌ఫర్ పేపర్ దొరుకుతుంది, ప్యాకెట్ మీద చూసి తీసుకోండి.

ఇక ఇస్త్రీ. మంచం మీదా, మెత్తటి ఇస్త్రీ బల్ల మీదా ఇది కుదరదు, ఎంత నొక్కినా ఒత్తిడి మెత్తలోకి పోతుంది. గ్రానైట్ గట్టు గట్టిగానే ఉంటుంది కానీ వేడి లాగేస్తుంది. మా ఇంట్లో అమ్మ ఇచ్చిన పెద్ద చెక్కపీట ఉంది, దాన్ని బోర్లించి పైన పాత పంచె మడతపెట్టి పరుస్తాను, టీషర్టు సరిగ్గా ఆనుతుంది, నిలబడి ఒళ్లు బరువంతా వేసి నొక్కడానికి వీలుంటుంది. టీషర్టు ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టాలి, కొత్త బట్టకి ఉండే గంజి పోవాలి, కంఫర్ట్ లాంటివి వేయకూడదు. ఇస్త్రీపెట్టె కాటన్ దగ్గర పెట్టి లైటు ఆరేదాకా ఆగండి. ఆవిరి పూర్తిగా కట్టేయాలి, స్టీమ్ ఐరన్‌కి అడుగున రంధ్రాలుంటాయి, ఆ రంధ్రాల కింద వేడి తగలదు, అక్కడ అతుక్కోదు. మనకి ఎప్పట్నుంచో ఉన్న మామూలు డ్రై ఐరనే దీనికి బెస్టు. ముందు ఖాళీ టీషర్టుని కాసేపు నొక్కి తేమ పోగొట్టి, తర్వాత పేపర్ పెట్టి అంచుల దగ్గర, మూలల దగ్గర ఎక్కువసేపు నొక్కాలి, ఎందుకంటే లేవడం మొదలయ్యేది అక్కడే. మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే ఇంకా మంచిది.

లేతరంగు పేపర్ ఒలిచేటప్పుడు చూడాలండి. కొన్ని పేపర్లు వేడి మీదే ఒలవాలి, కొన్ని పూర్తిగా చల్లారాక, ప్యాకెట్ ఏం చెబితే అదే చేయాలి. మూల దగ్గర గోరుతో కొంచెం లేపి చూడండి, అక్షరం కాగితంతో పాటు లేస్తుంటే వెంటనే వదిలేసి మళ్లీ నొక్కాలి. సరిగ్గా అతుక్కుంటే కాగితం సన్నగా చర్ చర్ మంటూ వచ్చేస్తుంది, కింద ఒత్తుతో సహా అక్షరం బట్టలోనే ఉండిపోతుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. ఇస్త్రీపెట్టె మాత్రం పెద్దవాళ్లే పట్టుకోవాలి, ఒలిచే పని పిల్లలకి వదిలేయొచ్చు, అదీ చల్లారాక ఒలిచే రకమైతేనే.

కాటన్ టీషర్టే కొనండి, తిరుప్పూర్ నుంచి వచ్చే 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట 180 గ్రాములు తూగేవి) ప్లెయిన్ టీషర్టులు చిక్‌పేటలో చూడండి. పాలిస్టర్ అయితే ఈ వేడికి మెరుపు మచ్చలు పడతాయి, కరిగినా కరుగుతుంది. షాపువాళ్లు పాలిస్టర్ డ్రైఫిట్ తీసుకోమని ఎందుకంటారంటే వాళ్లు చేసే సబ్లిమేషన్ ప్రింటు (వేడికి ఇంకు ఆవిరై బట్టలోకి దిగే పద్ధతి) కాటన్‌కి పట్టదు, పాలిస్టర్‌కే పడుతుంది. ఉగాది ఎండల్లో పిల్లలు దాంట్లో ఉడికిపోతారు పాపం. తయారయ్యాక ఒకరోజు ఆగి, లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతకండి, బ్లీచ్ వద్దు, అక్షరాల మీద నేరుగా ఇస్త్రీ వద్దు. ఇంత చేసినా షాపులో హీట్ ప్రెస్ మీద చేసినంత కాలం ఇది రాదు, ఇంటి ఇస్త్రీపెట్టెకి అంత ఒత్తిడి, అన్ని చోట్లా ఒకే వేడి ఉండవు. నాకైతే సరైన తెలుగుతో కొన్నాళ్లుండేదే, తప్పుల తెలుగుతో ఏళ్లతరబడి ఉండేదానికంటే మేలు.

వందల్లో కావాల్సిన అసోసియేషన్ల వాళ్లు ఇంట్లో చేయలేరు, అది నాకూ తెలుసు. వాళ్లని ఒక్కటే వేడుకుంటున్నాను. వాట్సాప్‌లో అక్షరాలు టైప్ చేసి షాపుకి పంపకండి. ఇంట్లో కంప్యూటర్‌లో సరిగ్గా పేర్చి, బ్యాక్‌గ్రౌండ్ లేని పెద్ద సైజు బొమ్మగా, పీఎన్‌జీ ఫైల్‌గా ఇవ్వండి. బొమ్మ అయితే ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఒత్తు చెదరదు. డీటీఎఫ్ ప్రింటుకి (ముందు ఫిల్మ్ మీద ప్రింట్ తీసి బట్టకి అతికించే పద్ధతి) అదే ఫైల్ సరిపోతుంది, కాటన్ మీద కూడా వస్తుంది. మొదటి పీసు చేతికొచ్చాక తెలుగు వచ్చినవాళ్లు ఇద్దరు చదివి సరే అన్నాకే మిగతావి వేయమనండి.

ఎడిటర్ గారూ, ఈ పేపర్ ప్యాకెట్ల మీద సూచనలు నేను చూసినంతవరకు ఇంగ్లీషులోనే ఉంటున్నాయి, మా అత్తగారి లాంటివాళ్లు చేద్దామని ఉత్సాహపడినా చదవలేక పక్కన పెట్టేస్తున్నారు. ఉగాదికి ముందొచ్చే ఆదివారం మీ బెంగళూరు ఎడిషన్లో ఒక అరపేజీ దీనికి ఇవ్వండి, బొమ్మలతో, లేతరంగు పేపర్‌కి ఎలా, ముదురు రంగు పేపర్‌కి ఎలా అని విడివిడిగా, ఫాంట్ల పేర్లతో సహా. మీ డీటీపీ విభాగంలో రోజూ తెలుగు అక్షరాలు పేర్చేవాళ్లే ఉంటారు కదా, ఒత్తులు విడిపోకుండా ఏం చేయాలో వాళ్ల చేత రాయిస్తే ఇక్కడి ప్రింటింగ్ షాపులవాళ్లకి కూడా ఆ కటింగ్ తీసుకెళ్లి చూపిస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కె.ఆర్. పురం, బెంగళూరు