"మళ్లీ రండి" అని రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఊపిరితిత్తుల జబ్బుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. సిగరెట్ మానలేక మా దగ్గరికి వచ్చేవాళ్లతో రోజూ మాట్లాడే పని నాది. వాళ్ల తరఫున మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆస్పత్రికి వచ్చిన ప్రతి మనిషికీ బీపీ చూసినట్టే, పొగ తాగుతారా అని అడగడం, మానమని డాక్టరే స్వయంగా చెప్పడం, తాగేవాళ్లకు ఊపిరి పరీక్ష చేయడం, ఫలానా రోజు మళ్లీ రమ్మని చీటీ మీద రాయడం తప్పనిసరి చేయండి. ఈ నాలుగింటిలో చివరిదాన్నే అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం అదే.

మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఆయాసం ముదిరిపోయి ఉంటుంది. అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు పంటి నొప్పికో, షుగర్‌కో, కళ్లజోడుకో డాక్టర్ల దగ్గరికి తిరుగుతూనే ఉన్నారు. మానమని ఎవరైనా చెప్పారా అంటే, "నన్నెవరూ అడగలేదు సిస్టర్" అంటారు. ఈ మాట వినీ వినీ బాధ కలుగుతుంది. డాక్టర్లకు పట్టదని కాదు. బయట క్యూ పెరిగిపోతుంటుంది, చీటీలో ఆ ప్రశ్నకు చోటుండదు, అడిగినా ఆ తర్వాత ఎక్కడికి పంపాలో తెలియదు.

డాక్టర్ మాటకు అంత బలం ఉందా అనే అనుమానం రావచ్చు. ఉంది. లండన్‌లో పొగాకు అలవాటు మీద పరిశోధన చేసిన డాక్టర్ మైఖేల్ రస్సెల్ బృందం 28 మంది ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చిన 2,138 మంది పొగతాగేవాళ్ల మీద చేసిన అధ్యయనం 1979లో అచ్చయింది. ఏమీ చెప్పకుండా వదిలేసిన వాళ్లలో మొదటి నెలలోనే మానేసి ఏడాది దాకా నిలబడ్డవాళ్లు 0.3 శాతం. డాక్టర్ ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పినవాళ్లలో 3.3 శాతం. అదే మాట చెప్పి, చేతిలో ఒక కరపత్రం పెట్టి, తర్వాత మళ్లీ కనుక్కుంటామని కూడా చెప్పినవాళ్లలో 5.1 శాతం. నూటికి ఐదుగురేనా అనిపిస్తుంది. కానీ ఆ ఐదుగురి కోసం పెట్టిన ఖర్చు రెండు నిమిషాలూ ఒక కాగితమూ. ఒక్క డాక్టర్ ఏడాది పొడవునా ఎంతమందిని చూస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఊపిరి పరీక్ష. మీటర్ అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి కొత్త గొట్టం తగిలించి ఇస్తాం. నిండా గాలి పీల్చి 15 సెకన్లు బిగబట్టాలి. ఆయాసం ఉన్నవాళ్లకు అదే కష్టం, కొందరు సగంలోనే వదిలేస్తారు. తర్వాత మెల్లగా, లోపలి గాలంతా ఖాళీ అయ్యేదాకా ఊదాలి. తెర మీద అంకె ఎక్కుతుంటుంది: 7, 12, 19, 24. ఊదుతున్న మనిషి చూపు దాని మీదే ఉంటుంది. సిగరెట్ పొగతో ఒంట్లో చేరే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఊపిరిలో ఎంతుందో చెప్పే లెక్క అది. 10 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లు) దాటితే పొగ తాగే మనిషి అనుకోవడం మామూలు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకునే వాయువు ఇది. ఆక్సిజన్‌కు దక్కాల్సిన చోటును ఇది ఆక్రమిస్తుంది. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకూ చేరుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తారు.

అలాగని మీటర్లు కొని పంచేస్తే పని అయిపోయినట్టు కాదు. అంకె చూపించినంత మాత్రాన జనం మానేస్తారనడానికి గట్టి రుజువు లేదు. దాని అసలు ఉపయోగం రెండోసారి వచ్చినప్పుడు కనిపిస్తుంది. ఒంట్లో చేరిన ఈ వాయువు నాలుగైదు గంటల్లో సగానికి పడిపోతుంది. సిగరెట్ ముట్టకపోతే ఒకటి రెండు రోజుల్లో మీటర్ అసలు పొగే తాగని మనిషి అంకె చూపిస్తుంది. మానిన మొదటి వారం ఎలా ఉంటుందో ఆలోచించండి. నిద్ర పట్టదు, చిరాకు, టెన్షన్, ఎవరేమన్నా కోపం. గుండెకు జరిగే మేలు కంటికి కనబడేది కాదు, అది తేలడానికి నెలలు పడుతుంది. అలాంటి వారంలో 24 కాస్తా 3 అయిందని చూసినప్పుడు మనిషి ముఖం మారిపోతుంది. ఇంట్లో చూపించాలని ఆ అంకె కాగితం మీద రాయించుకుని వెళ్లినవాళ్లున్నారు. మళ్లీ రమ్మనకపోతే ఇదంతా వాళ్లకు దక్కదు.

అంకెను ఎలా చెబుతామన్నది కూడా ముఖ్యమే. 2008లో వచ్చిన మరో ఇంగ్లండ్ అధ్యయనంలో 561 మందికి ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచారు. కొందరికి ఫలితాన్ని ఉత్త అంకెగా ఇచ్చారు, కొందరికి "మీ ఊపిరితిత్తుల వయసు ఇంత" అని వివరించారు. ఏడాది తర్వాత మొదటివాళ్లలో 6.4 శాతం, రెండోవాళ్లలో 13.6 శాతం మానేసి ఉన్నారు. పరీక్ష ఒకటే, చెప్పిన తీరు వేరు. కాబట్టి మీటర్‌తో పాటు సిబ్బందికి మాట్లాడే శిక్షణ కూడా ఇప్పించండి.

మందులు కూడా అందుబాటులో ఉండాలి. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్ 2009 నుంచీ, పొగ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు 2021 నుంచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. మానమని చెప్పి మందు బయట కొనుక్కోమంటే చాలామంది కొనరు. ఇవి ఆస్పత్రిలోనే ఉచితంగా ఇప్పించండి.

ఒక భయం కూడా ఉంది. ఈ పరీక్షను నిఘాకు వాడకూడదు. ఫలితం యజమానికో, బీమా కంపెనీకో వెళ్తుందని తెలిసిన రోజున ఎవరూ ఊదరు. పైగా దాంతో అన్నీ తేలవు. నమిలే పొగాకు ఈ మీటర్‌కు దొరకదు, ఈ-సిగరెట్ కూడా దొరకదు, నిన్న పొద్దున తాగింది ఈరోజు కనబడకపోవచ్చు. అందుకని నోటితో అడగడం మానకూడదు. మధ్యలో మళ్లీ మొదలుపెట్టి, తలదించుకుని వచ్చినవాళ్లను తిట్టకుండా కొత్త తేదీ రాసివ్వాలని కూడా మీ ఉత్తర్వులో ఉండాలి. చాలామంది ఒక్క ప్రయత్నంలో మానలేరు.

అన్నీ ఒకేసారి కుదరకపోతే, ముందు ఓపీ చీటీలో రెండు గళ్లు వేయించండి: పొగ తాగుతారా, మళ్లీ ఎప్పుడు రావాలి. దానికి ఏ టెండరూ అక్కర్లేదు. మీటర్లు వచ్చాక కొత్తవాళ్లకు వాడటం నేర్పడానికి నాలాంటి నర్సులు చాలామందిమి ఉన్నాం. ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
ఒక నర్సు