ఓడ సంగతి తర్వాత, ముందు ఇంట్లో తేల్చుకోండి

సంక్రాంతికి వచ్చిన పిల్లలు తిరిగి బస్సెక్కారో లేదో, మా ఆఫీసు ఫోన్‌కి తీరిక లేకుండా పోయింది. "అక్కా, ఈ ఎండాకాలం అందరం కలిసి క్రూయిజ్ పోదామనుకుంటున్నాం, మనిషికి ఎంతవుద్ది?" కావలి నుంచి అదే ప్రశ్న, గూడూరు నుంచి అదే, ఒంగోలు నుంచీ అదే. తిరుమల, షిర్డీ, కాశీ టికెట్లతో నెల్లూరులో మొదలైన చిన్న ఆఫీసు మాది. ఓడ ప్రయాణం గురించి ఇంతమంది అడిగే రోజు వస్తుందని మేమూ అనుకోలేదు. ఈ సీజన్‌లో మేం చేసేదేంటి, చేయనిదేంటి, మీరు ముందే తెలుసుకోవాల్సిందేంటి అన్నీ ఒకేచోట రాసేస్తున్నాను. తీరిగ్గా చదవండి, మీ ఇంటి గ్రూపులో కూడా పెట్టండి.

ముందు డబ్బుల మాట. "మనిషికి ఇంత మాత్రమే" అని పెద్ద అక్షరాలతో స్టేటస్‌లో పెట్టే పోస్టర్లు ఈ ఏడాది మా దగ్గర ఉండవు. ఆ రేటు ఒక గదిలో ఇద్దరుంటే మనిషికి పడే ధర. దాని మీద పోర్టు చార్జీలు, పన్నులు, ఓడ సిబ్బందికి రాత్రికింత అని కట్టాల్సిన టిప్పు ఉంటాయి. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేటప్పుడే మీ ఆదాయపు పన్ను కింద వసూలు చేసే మొత్తం) కూడా ముందే కట్టాలి. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ, ఆ రోజుకి జేబులోంచి పోయేది పోయేదే. ఇవన్నీ కలిపాక పోస్టర్ మీది అంకెకీ బిల్లు మీది అంకెకీ పొంతన ఉండదు. అందుకని మీ ఇంటి గేటు దగ్గర బండెక్కిన దగ్గర్నుంచి తిరిగి గేటు దగ్గర దిగేదాకా ఎంతవుతుందో ఒకే కాగితం మీద రాసిస్తాం. ఆ అంకె చూసి గుండె గుభేల్మంటే మా ఆఫీసులోనే అననివ్వండి, ఓడలో కాదు.

మాకేం మిగులుతుందో కూడా దాచేదేం లేదు. గది ధర మీద క్రూయిజ్ కంపెనీ మాకు కమిషన్ ఇస్తుంది, పోర్టు చార్జీల మీదా పన్నుల మీదా ఇవ్వదు. అది కాక గదికి వెయ్యి రూపాయలు మా సర్వీస్ చార్జీ. "కమిషన్‌లో సగం మాకు వదలండి మేడమ్" అని నవ్వుతూ అడిగే వాళ్ళకి నేనూ నవ్వుతూనే చెబుతున్నాను, వదలం సార్. రాత్రి పదకొండుకి వీసా ఫొటో సైజు తప్పొచ్చిందని మీరు ఫోన్ చేస్తే ఎత్తేది ఆ డబ్బుతో జీతం తీసుకునే మా అమ్మాయిలే.

ఇక అసలు విషయం. కుటుంబాలతో క్రూయిజ్ ప్లాన్ చేసేటప్పుడు గొడవ ఓడ దగ్గర రాదు, ఎవరు ఎంత పెట్టుకోవాలన్న దగ్గర వస్తుంది. పెద్దబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు, చిన్నబ్బాయికి ఊళ్ళో రొయ్యల చెరువు, అల్లుడిది టీచరుద్యోగం. ముగ్గురి చేతిలో డబ్బులాడే నెలలు వేరు, సెలవులు వేరు, ఖర్చు పెట్టే గుండె వేరు. "అంతా నేను చూసుకుంటాలే" అని పెద్దబ్బాయి గొప్పగా అంటాడు. అల్లుడికి అది నామోషీ. బుకింగ్ రోజున "మేం రాలేంలేండి, పిల్లాడికి ట్యూషన్" అని మెల్లగా తప్పుకుంటారు. అప్పుడు నలుగురికని తీసుకున్న గదిలో ఇద్దరు మిగులుతారు, రేటు మొత్తం తారుమారవుతుంది. అందుకే ఈసారి మా పద్ధతి ఇది: ఇంటికి ఒక్క మనిషి మాతో మాట్లాడాలి, ఎవరి వాటా ఎంతో మీలో మీరు అనుకున్నాకే అడ్వాన్స్ తీసుకుంటాం. ప్రయాణం తేదీ దగ్గరపడేకొద్దీ క్యాన్సిలేషన్ కోత పెరుగుతుంది, చివర్లో పైసా కూడా వెనక్కి రాదు. ఆ కోత పట్టిక మీకు వినిపించాకే రసీదు రాస్తాం. చెవులు మూసుకున్నా సరే, చదువుతాం.

గదుల లెక్క కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. తాతా నానమ్మా, ఇద్దరు కొడుకులూ కోడళ్ళూ, ఇద్దరు పిల్లలు, మొత్తం ఎనిమిదిమంది అనుకోండి. నలుగురి గదులు రెండు తీసుకుంటే చవకే. మూడో మనిషికీ నాలుగో మనిషికీ రేటు తగ్గుతుంది. కానీ ఆ గదిలో కింద రెండు పడకలే ఉంటాయి. మిగతా రెండూ గోడలోంచో పైకప్పులోంచో కిందికి లాగే పడకలు, ఎక్కడానికి సన్న నిచ్చెన. డెబ్బై ఏళ్ళ మనిషి అర్ధరాత్రి బాత్రూమ్‌కని దాని మీంచి దిగడం ఒకసారి ఊహించుకోండి. బాత్రూమ్ కూడా ఒకటే, అటు తిరిగితే మోచెయ్యి తగిలేంత. నలుగురు పొద్దున్నే స్నానాలు చేసి టిఫిన్‌కి పోవాలంటే పెళ్ళివారి విడిదిలో క్యూ లాగా ఉంటుంది. మూడు గదులు తీసుకోండి, పక్కపక్కన ఉండేట్టు మేం అడుగుతాం.

ఇంకో మాట. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక, కొడుకులూ కోడళ్ళూ బాల్కనీ గదిలో ఉండి, "పెద్దవాళ్ళకెందుకులే, పడుకోడానికే గదా" అని వాళ్ళని లోపలి గదిలో వేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. లోపలి గదిలో లైటార్పితే చిమ్మచీకటి, తెల్లారిందో లేదో తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచే నానమ్మ ఆ చీకట్లో ఏం చేస్తుంది? బాల్కనీ గది ఒక్కటే తీసుకునే స్తోమత ఉంటే అది పెద్దవాళ్ళకివ్వండి. మీరు పగలంతా డెక్ మీదా, షోల్లోనే ఉంటారు. సాయంత్రం అందరూ చేరేది ఎలాగూ నానమ్మ గదిలోనే.

కడుపులో తిప్పుతుందేమోనని భయపడే వాళ్ళకి ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది మంచిది. పైకి పోయేకొద్దీ ధరా ఎక్కువే, ఊపూ ఎక్కువే. వాంతుల మాత్ర తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. నిద్ర ముంచుకొస్తుంది, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. ఆ మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు ఓడవాళ్ళు రేవులోనే తీసుకుని, గది దగ్గరికి చేర్చేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది.

ఏ ఓడ అంటే, మనకి దగ్గర్లో రెండు దారులు. మొదటిది చెన్నై నుంచి కార్డేలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్. 2022 జూన్‌లో ఇది మొదటిసారి చెన్నై నుంచి కదిలింది. విశాఖ, పుదుచ్చేరి రూట్లు నడిపింది, ఆ మరుసటేడు శ్రీలంకలో హంబన్‌టోట, ట్రింకోమలీ, కంకేసంతురై రేవులకీ వెళ్ళింది. ముంబై వైపు నైరుతి వానలు, సముద్రం పోటు మీదుండే నెలల్లో ఇటు వస్తుంటుంది కాబట్టి చెన్నై తేదీలు ఏడాది పొడవునా ఉండవు. కంపెనీ ప్రకటించాకే మేం చెప్పగలం. ఓడ 1990లో కట్టింది. యూట్యూబ్‌లో అమెరికా ఓడల వీడియోలు చూసి అవే హంగులు ఉంటాయనుకుంటే ఉసూరుమంటారు. అయినా మొదటిసారి ఓడెక్కే ఇంటికి నేను ఇదే చెబుతాను. ఫ్లైట్ టెన్షన్ లేదు, మన తిండి దొరుకుతుంది, రెండు మూడు రాత్రుల్లో మీవాళ్ళకి సముద్రం పడుతుందో లేదో తేలిపోతుంది.

రెండోది సింగపూర్. అక్కడి నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ 2016లో వచ్చిన ఓడ, దాదాపు లక్షన్నర టన్నులు, ఎంప్రెస్‌కి మూడింతలు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. సెలవుల తేడా ఒకటి గమనించండి. మన బడులకి ఏప్రిల్ ఆఖర్లోనే సెలవులిస్తారు, సింగపూర్ బడులకి జూన్‌లో. మే నెలాఖరు నుంచి అక్కడివాళ్ళే ఓడలు నింపేస్తారు, ధరలు ఎగబాకుతాయి. మే మొదటి రెండు వారాల్లో పోయేవాళ్ళకి లాభం. ఓడలో మలేసియాకో థాయిలాండ్‌కో పోయి మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతారు కాబట్టి వీసా ఒక్కసారి ప్రవేశానికి కాక ఎక్కువసార్లకి ఉండాలి. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డ్ (అక్కడికి వచ్చేవాళ్ళ వివరాల ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బులడిగితే అది ప్రభుత్వ సైటు కాదని తెలుసుకోండి. బాబాయిల ఖైనీ ప్యాకెట్లు, తమ్ముళ్ళ ఈ-సిగరెట్లు నెల్లూరులోనే వదిలేయాలి. అక్కడ రెండూ నిషేధం, జరిమానా మామూలుగా ఉండదు.

నవంబరు, డిసెంబర్లలో చెన్నై నుంచి ఓడ అడిగితే మాత్రం మేం వద్దనే అంటాం. 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపాను రోజులు గుర్తున్నాయిగా, ఓడ మాట అటుంచి మనం సూళ్ళూరుపేట దాటడమే గగనమైంది.

పాస్‌పోర్టులు ఇవాళే బీరువాలోంచి తీసి చూడండి. పెద్దవాళ్ళవి పదేళ్ళుంటాయి, పిల్లలవి ఐదేళ్ళే. అమ్మానాన్నలవన్నీ బాగుండి చంటోడిది అయిపోయి ఉండటం ప్రతి ఎండాకాలం చూస్తుంటాం. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. ఆరు నెలలు నిండని పసిబిడ్డల్ని, ఇరవై నాలుగు వారాలు దాటిన గర్భిణుల్ని చాలా ఓడల్లో ఎక్కించుకోరు. ఇంట్లో శుభవార్త ఉంటే మా చెవిన కూడా వేయండి, మేం ఎవరికీ చెప్పం.

సామాను విషయంలో మీతో వాదించి గెలవలేం గానీ, చెప్పాల్సింది చెబుతాను. రైస్ కుక్కర్ వద్దు. ఇస్త్రీపెట్టె వద్దు, కెటిల్ వద్దు, ప్లగ్గుల పెట్టె వద్దు. నిప్పు భయంతో స్కానింగ్‌లోనే తీసి పక్కన పెడతారు, దిగేటప్పుడు ఇస్తారు. ఇంట్లో పట్టిన ఆవకాయ జాడీ కూడా ఆగిపోతుంది. సీలు తీయని ప్యాకెట్లని మామూలుగా పోనిస్తారు, పొడులూ పచ్చళ్ళూ అలా కొనుక్కోండి. బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసు పోయిన మన ముత్తాతలకి ఈ బాధ లేకపోయింది, దారిలోనే వండుకుని తినేవాళ్ళట. బొమ్మిడాయిల పులుసు లేకుండా నాలుగు రోజులు ఎట్లా అని ఒక పెద్దాయన నన్నే నిలదీశారు. బయలుదేరే ముందు రోజు కడుపునిండా తిని ఎక్కండి పెదనాన్నా, అన్నాను. ఇంకా ఆలోచిస్తున్నారు.

ఓడ ఎక్కగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఓడ సొంత నెట్‌వర్క్ దానంతటదే తగులుకుంటుంది, అది మన ప్యాక్‌లో ఉండదు, బిల్లు వేలల్లో వస్తుంది. మరి పదిమంది ఒకరినొకరు ఎట్లా వెతుక్కోవాలి? పాతకాలం పద్ధతే. "రాత్రి ఏడున్నరకి ఫలానా అంతస్తు లిఫ్టు దగ్గర" అని పొద్దున్నే అనుకోవాలి. మొదటి రోజు ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినిపిస్తే అది ప్రమాద హెచ్చరిక ఎలా ఉంటుందో చూపించే డ్రిల్లు. అందరూ పోవాలి. అమ్మమ్మకి ముందే చెప్పకపోతే అక్కడే గోవిందా గోవిందా అంటుంది. పిల్లల గది కార్డు మీద ఖర్చు పెట్టకుండా రిసెప్షన్‌లో ఆపించండి, ఆటల మెషీన్లు మహా చెడ్డవి. ఎక్కేటప్పుడు నవ్వించి తీసే ఫొటోలు కూడా ఊరికే ఇవ్వరు. లుంగీతో, చీరతో స్విమ్మింగ్ పూల్‌లోకి దిగనివ్వరు.

ఓడ ఎవరికోసమూ ఆగదు. నెల్లూరు నుంచి చెన్నై దగ్గరదగ్గర 175 కిలోమీటర్లే అయినా, పోర్టు వైపు కంటైనర్ లారీలు అడ్డం పడితే ఆఖరి పది కిలోమీటర్లకే గంట పడుతుంది. తెల్లారేసరికి బయలుదేరండి. ఒంగోలు, కందుకూరు, మార్కాపురం వైపు వాళ్ళు ముందు రోజే చెన్నై చేరి పడుకోండి. ఆ గది ఖర్చు కూడా మేమిచ్చే కాగితంలో రాసే ఉంటుంది.

వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా క్రూయిజ్ కోసమే ఆఫీసు తెరిచి ఉంచుతున్నాం. అందరి పాస్‌పోర్టులూ, పాన్ కార్డులూ తెచ్చుకోండి, డబ్బు పెట్టే మనిషినీ, పేచీ పెట్టే మనిషినీ ఇద్దర్నీ తీసుకురండి. మాది రెండో అంతస్తు, లిఫ్టు ఈ నెలంతా రిపేరు. పెద్దవాళ్ళుంటే కింద నుంచి ఫోన్ చేయండి, కాగితాలు పట్టుకుని మేమే దిగొస్తాం.