ఏ కణాల మీద చేశారో కూడా రాయండి

సంపాదకుడికి,

మొన్న మీ ఆరోగ్యం పేజీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద వచ్చిన వార్త చదివాను. జన్యువులు మార్చిన మానవ కణాల మీద ప్రయోగం చేశారనీ, కొత్త మందుకు అవి లొంగిపోయాయనీ రాశారు. మందు ఎప్పటికి రావచ్చో కూడా రాశారు. ఏ కణాలో మాత్రం రాయలేదు. ఇరవై రెండేళ్ళు సెల్ కల్చర్ ల్యాబ్‌లో (అంటే కణాలను పెంచే చోట) ఫ్లాస్కులు మార్చి, కణాలకు ఆహారమైన ద్రవం పోసి రిటైరైనదాన్ని. ఇలాంటి వార్త కనబడితే నా కళ్ళు ముందు ఆ కణాల పేరు కోసమే వెతుకుతాయి.

పాఠకులకు ఆ పేర్లలోని అక్షరాలూ అంకెలూ ఎందుకులే అని డెస్కులో కత్తిరించి ఉంటారు. కానీ అసలు సంగతి వాటిలోనే ఉంది. ల్యాబుల్లో హెచ్358 అంటే కేరాస్ జన్యువులో జీ12సీ అనే మార్పు ఉన్న కణాలు. పీసీ-9 అంటే ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో ఒక ముక్క ఊడిపోయినవి. హెచ్3122 అంటే ఏఎల్‌కే జన్యువు మరో జన్యువుతో అతుక్కుపోయినవి. మూడూ ఊపిరితిత్తుల క్యాన్సరే, కానీ ఒకదాన్ని చంపే మందును రెండోది లెక్కే చేయకపోవచ్చు. ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు మీ వార్త కత్తిరించి జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళతారు. తమ మనిషిది ఆ రకమో కాదో తెలిపే ముక్క ఆ కాగితంలో ఉండదు.

'జన్యువులు మార్చిన' అన్న మాటకైనా రెండు వాక్యాల వివరణ ఇవ్వాల్సింది. మామూలు మానవ కణాలు ల్యాబ్‌లో 40 నుంచి 60 సార్లు విభజన జరిగాక ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కణితి కణాలకు ఆ ఆపు లేదు. 1972లో ఒక 58 ఏళ్ళ మగమనిషి కణితి నుంచి మొదలైన ఏ549 అనే కణాల రకం ఇప్పటికీ లోకమంతటా ల్యాబుల్లో పెరుగుతోంది. (ఆయన ఎవరని మా ల్యాబ్‌లో ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు. 1951లో హెన్రియెటా లాక్స్ అనే అమెరికా క్యాన్సర్ రోగి కణాలను ఆమెకు చెప్పకుండానే పరిశోధనకు వాడుకున్న సంగతి చదివాక కాస్త సిగ్గేసింది.)

కణితి నుంచి తీసిన కణాల్లో జన్యు లోపాలు గుట్టలుగా ఉంటాయి. వాటిలో దోషి ఏదో పట్టుకోవాలంటే లోపం లేని కణంతో మొదలుపెట్టి, ఒక్కో లోపాన్నీ మన చేత్తో పెట్టి చూడాలి. 2004లో అమెరికాలోని టెక్సస్‌లో జాన్ మిన్నా, జెర్రీ షేల బృందం ఆ దారిలో పెద్ద అడుగు వేసింది. శ్వాసనాళపు మామూలు కణాల్లో సీడీకే4, హెచ్‌టెర్ట్ అనే రెండు జన్యువులు చొప్పించి, విభజన ఆగకుండా చేశారు. అంతకుముందు బీయాస్-2బీ లాంటి కణాలకు వైరస్ జన్యువులు వాడారు. అవి కణంలో కాపలా కాసే ప్రోటీన్లనే పడగొడతాయి కాబట్టి, ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం. కొత్త కణాలతో 2006లో వాళ్ళు చేసిన పని నాకు ఇప్పటికీ ఇష్టం. కేరాస్ మార్పు పెట్టారు, కణితులను అడ్డుకునే పీ53 జన్యువును అణిచేశారు, ఈజీఎఫ్‌ఆర్ మార్పులూ పెట్టి చూశారు. అయినా ఆ కణాలు పూర్తిస్థాయి క్యాన్సర్‌గా మారలేదు. ఒక్క జన్యువు చెడితే చాలు క్యాన్సరే అన్నట్టు రాసే వార్తలు చూసినప్పుడల్లా నాకు ఆ కణాలు గుర్తొస్తాయి.

ఆ తర్వాత డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి వచ్చింది. డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం తేడా ఉన్న కవల కణాలను ఇప్పుడు ఎన్నో ల్యాబుల్లో తయారు చేసుకుంటున్నారు. పైన చెప్పిన జీ12సీ కూడా అలాంటి ఒక్క అక్షరం మార్పే. దశాబ్దాల పాటు మందుకు చిక్కదనుకున్న కేరాస్‌ను ఆ చోట పట్టుకునే సోటోరాసిబ్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇలాంటి కణాలను తీసిపారేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కణాలు పెంచే ల్యాబ్ ప్లేటులో రక్తనాళాలూ, రోగనిరోధక కణాలూ ఉండవు కాబట్టి ప్లేటులో గెలిచిన మందు మనిషిలో గెలవకపోవచ్చు. అది ఆ పని చేసేవాళ్ళందరికీ తెలుసు.

నా గొడవ వేరే. సీసా మీద ఉన్న పేరూ, లోపలున్న కణమూ ఒకటే అన్న హామీ లేదు. అన్నవాహిక క్యాన్సర్ కణాలుగా ఏళ్ళ తరబడి వాడిన ఎస్‌ఈజీ-1, నిజానికి హెచ్460 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలని 2010లో బయటపడింది. అలా తారుమారైన మూడు రకాల మీద అప్పటికే వందకు పైగా పరిశోధన పత్రాలు, 11 అమెరికా పేటెంట్లు వచ్చేశాయి. ఆ ఫలితాలు చూసుకుని అన్నవాహిక క్యాన్సర్ రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలుపెట్టారు.

దీనికి ఎస్‌టీఆర్ అనే పరీక్ష ఉంది. నేర పరిశోధనలో మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ పరీక్ష లాంటిదే. కానీ జన్యువులు మార్చిన కణాల దగ్గర అదొక్కటే చాలదు. మార్చిన కణానికీ దాని తల్లికణానికీ ఎస్‌టీఆర్ ముద్ర ఒకటే. ఒకసారి మా దగ్గర అదే జరిగింది. క్రిస్పర్‌తో మార్చామనుకున్న కణాల చిన్న సీసాను, దాచిపెట్టిన ద్రవ నత్రజనిలోంచి తీసి ఏడు నెలలు పనిచేశాం. ఎస్‌టీఆర్ రిపోర్టు చక్కగా వచ్చింది, రావాలి కూడా. ఫలితాలే కుదరలేదు. చివరికి మార్పు చేసిన చోటును సీక్వెన్స్ చేయిస్తే, అంటే అక్కడి డీఎన్‌ఏ అక్షరాలను వరుసగా చదివిస్తే, అక్కడ ఏ మార్పూ లేదు. మార్పులేని కణాలు ఏ దశలో కలిశాయో, కలిసి ఎప్పుడు మిగతావాటిని మింగేశాయో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడు నెలల నోటుబుక్కులు పారేయలేక చాలాకాలం దాచుకున్నాను.

ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు రెండు కాగితాలు అడగాలి. కణం ఫలానాదే అని ఎస్‌టీఆర్ రిపోర్టు ఒకటి, మార్చిన చోటు సీక్వెన్స్ ఇంకొకటి. రెండూ ప్రయోగం మొదట్లోనూ, చివరా తీయించినవి కావాలి. మందుల ట్రయల్స్‌కు అయ్యే ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

మీరు చేయగలిగింది ఇంకా తేలిక. కణాల పేరు, అందులోని జన్యు మార్పు, పరీక్షించారా లేదా అన్నది, ఇవన్నీ ఒక్క వాక్యంలో పడతాయి. మొన్నటి వార్తకు ఆధారమైన పత్రంలో ఆ పేరు ఉండే ఉంటుంది. వచ్చే వారం అదే పేజీలో ఆ ఒక్క వాక్యం వేయగలరా?

ఇట్లు,
ఒక పాఠకురాలు
(విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్)