ఆ బీఎస్ఏ బండి ఎంతవరకు వచ్చిందంటే

చిన్నీ,

ఆ బండి ఇంకా అవ్వలేదా నాన్నా అని అడిగావుగా, అప్పుడు చేతినిండా గ్రీజు, సరిగ్గా చెప్పలేకపోయా. అవ్వలేదు. ఇప్పట్లో అవ్వదు కూడా.

అది బ్రిటిష్ కంపెనీ బీఎస్ఏ చేసిన ఎం20 మోటార్‌సైకిల్, 496 సీసీ సింగిల్ సిలిండర్, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి లక్షా ఇరవై వేలకు పైగా చేసిచ్చిన మోడల్. మన దగ్గరికి మాత్రం గోనెసంచుల్లో, అట్టపెట్టెల్లో వచ్చింది. ఎవరో ఉత్సాహంగా విప్పేసి సగంలో వదిలేస్తే, బాగు చేయమని మనకిచ్చిన ఇప్పటి ఓనర్ దాన్ని కొనుక్కున్నాడు. మనం విప్పిందైతే ఏ బోల్టు ఎక్కడిదో చేతికే గుర్తుంటుంది, వేరేవాళ్ళు విప్పినదానికి ఆ సుఖం లేదు. అందుకే ముందుగా ఆయన ఎదురుగానే సామానంతా నేలమీద పరిచి ఫోటోలు తీసి, ఉన్నవీ లేనివీ రెండు లిస్టులు రాసి సంతకం పెట్టించుకున్నా. మొహమాటపడి ఇది వదిలేశామా, రేపు ఫలానా పార్టు మీకిచ్చానే అంటే మన దగ్గర జవాబుండదు.

ఇంజిన్ నంబరూ ఫ్రేమ్ నంబరూ వేరేగా ఉన్నాయని ఆయన తెగ కంగారు పడ్డాడు, మోసపోయానా అని. ఆ రోజుల్లో బీఎస్ఏ ఫ్యాక్టరీలోనే రెండింటికీ ఒకే నంబరు వేసేవాళ్ళు కాదని చెప్పాక కాస్త కుదుటపడ్డాడు.

అసలు తలనొప్పి మరలు. ఆ కాలం ఇంగ్లీషు బండ్లలో అంగుళానికి 26 చుట్ల సైకిల్ థ్రెడ్ అనే సన్న మర ఎక్కువ, ఇంజిన్ అల్యూమినియం కేసుల్లో విట్‌వర్త్ అనే ముతక మర. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 ఎంఎం, చూడ్డానికి అచ్చం 8 ఎంఎం బోల్టే, ఎవరో మహానుభావుడు దొరికింది కదాని ఎం8 అనే ఆ 8 ఎంఎం బోల్టు తెచ్చి బలవంతంగా బిగించేశాడు, కేసు లోపలి మర మొత్తం ముక్కలై బోల్టుతో పాటు వచ్చేసింది. రంధ్రం పెంచి హెలికాయిల్ అనే స్ప్రింగులాంటి కొత్త మర వేస్తున్నా. పానాలదీ అదే గొడవ, విట్‌వర్త్ పానా మీద రాసుండే సైజు బోల్టు కాడది, నట్టు తలది కాదు. 1/4 పానా నోరు 13.3 ఎంఎం, 13 ఎక్కదు, 14 జారి నట్టు మూలలన్నీ తినేస్తుంది. సంచిలో సగం నట్లు గుండ్రంగా ఎందుకున్నాయో అర్థమైందా?

పెయింట్‌కి తొందరపడకుండా ఒకసారి పచ్చిగా మొత్తం బిగించి చూస్తున్నా, స్పేసర్ తక్కువైనా మడ్‌గార్డ్ స్టే వంకరైనా ఇప్పుడే తెలియాలి, రంగేశాక తెలిస్తే ఏడవాలి.

రంగంటే గుర్తొచ్చింది, ఆయనకి అంతా క్రోమ్ చేసి తళతళలాడించాలని ఉండేది. మిలిటరీ బండికి అది పెళ్ళికొడుకు వేషం వేసినట్టే అని నా అభిప్రాయం, కానీ బండి ఆయనది. ట్యాంక్ మీద ఎర్ర రంగుని సన్న వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దుతుంటే కింద ఆకుపచ్చ, దానిమీద మాసిన 'సీ' అక్షరం, పక్కన అంకెలు కనిపించాయి. సైన్యం మోటార్‌సైకిళ్ళకి రాసిన నంబర్ అది. వెంటనే ఆపేసి ఆయన్ని పిలిపించా. చూసి, క్రోమ్ వద్దులెండి, ట్యాంక్ ముట్టుకోకండి అన్నాడు. నేనేమీ వాదించలా.

స్పార్క్‌కి కరెంటు పుట్టించే మాగ్నెటోని రీవైండింగ్‌కి పంపా. చల్లగా ఉన్నప్పుడు నిప్పు బాగానే ఇస్తుంది, వేడెక్కితే చచ్చిపోతుంది, పాత కండెన్సర్ల జబ్బే అది. వచ్చాక దాని పాయింట్ల మధ్య గ్యాప్ 12 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పన్నెండు, పెట్టాలి, అది నువ్వు పెడుదువుగాని. మొదటిసారి స్టార్టయ్యాక చప్పుడు విని మురిసిపోకుండా ఆయిల్ ట్యాంక్ మూత తీసి చూడాలి, ఇది డ్రై సంప్, అంటే నూనె ఇంజిన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంటుంది, రిటర్న్ పైపులోంచి నూనె వెనక్కి పడుతుంటేనే బండి నడుపు, లేదంటే వెంటనే ఆపెయ్.

వచ్చేటప్పుడు ఆ సందు కొలిచే అంగుళాల ఫీలర్ గేజ్ ఒకటి పట్టుకురా, నా దాంట్లో 12 థౌ ఆకు విరిగిపోయింది.

ఉంటాను,
నాన్న