వాతావరణ అంచనాలు మండలాలకు చేరాలి

భవిష్యత్ వాతావరణంపై శాస్త్రవేత్తల అంచనాలు పేపర్లలో వస్తున్నాయే గానీ, అనంతపురం రైతుకు పనికొచ్చే రూపంలో అందడం లేదు. వాతావరణాన్ని లెక్కగట్టే ప్రపంచ స్థాయి కంప్యూటర్ నమూనాలు భూమిని దాదాపు 100 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి ఎలా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగడతాయి. గడిచిన దశాబ్దాల వాతావరణాన్ని ముందు లెక్కగట్టి, నమోదైన కొలతలతో సరిచూస్తారు. ఆ తర్వాతే కర్బన ఉద్గారాలు తగ్గితే ఏమవుతుంది, పెరిగితే ఏమవుతుంది అని చూస్తారు. దీన్ని జోస్యమని కొట్టిపారేయడం అన్యాయం. కానీ 19 వేల చదరపు కిలోమీటర్ల ఉమ్మడి అనంతపురం ఆ లెక్కలో రెండు గళ్లకు మించదు. ఇక్కడ ఒక ఊళ్లో వాన పడితే పక్క ఊళ్లో దుమ్ము లేస్తుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే, చెట్టు పీకి చూసినా కాయ ఉండదు. రైతుకు కావాల్సింది ఏడాది సగటు కాదు, వానకూ వానకూ మధ్య ఎడం ఎంత పెరగొచ్చన్న లెక్క. దక్షిణాసియాకు 50 కిలోమీటర్ల గళ్లతో ప్రాంతీయ అంచనాలు ఇప్పటికే ఉన్నాయి. ప్రభుత్వం వాటిని మండలాల వర్షపాత రికార్డులతో సరిపోల్చి, ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెబుతూ, తెలుగులో రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. చెరువుల మరమ్మతు, విత్తన రకాల ఎంపిక వాటి ఆధారంగానే జరగాలి.

– ఒక పాఠకుడు, అనంతపురం