వెబ్ ఆప్షన్లకు ముందే సిలబస్ తెలియాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి ఏ ర్యాంకుకు ఏ ఇంజినీరింగ్ కళాశాలలో సీటు రావచ్చో మీ విద్యా పేజీలో పట్టికలు వేసి మరీ వివరిస్తున్నారు. తల్లిదండ్రులకు అవి ఎంతో ఉపయోగపడుతున్నాయి. బీఏలో చేరబోయే పిల్లలకు మాత్రం ఆ కోర్సులో ఏం చదవాల్సి ఉంటుందో చెప్పే అరపేజీ కూడా ఎక్కడా కనిపించడం లేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇరవై ఆరేళ్లు రాజనీతి శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఈ లోటును మీ దృష్టికి తెస్తున్నాను.

ఏటా తొలి తరగతిలో "ఈ గ్రూపే ఎందుకు తీసుకున్నారు?" అని విద్యార్థులను అడిగేవాణ్ని. ఎక్కువ మంది చెప్పే జవాబులు రెండే: "గ్రూప్స్ రాద్దామని సార్", "ఇదే వచ్చింది సార్". గ్రూప్-1, గ్రూప్-2 సిలబస్‌లో చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ ఉన్నాయి కనుక బీఏ అక్కరకొస్తుందన్న మాట నిజమే. అయితే ఆ పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుందని తెలియక, సబ్జెక్టు మీద ఏ ఇష్టమూ లేకుండా చేరి, మూడేళ్లూ గైడ్లు బట్టీ పట్టడంతోనే గడిపేసిన పిల్లలను ఎందరినో చూశాను. ఇక రెండో జవాబు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

నిరుడు మా వీధిలోని ఒక అమ్మాయి తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి వెళ్తుంటే తోడు వెళ్లాను. ఎంపీసీ చదివింది. లెక్కలంటే ఇష్టం, ధరలు ఎందుకు పెరుగుతాయో తెలుసుకోవాలని అంతకంటే ఇష్టం. అర్థశాస్త్రంతో పాటు గణితమో, గణాంక శాస్త్రమో ఉన్న కాంబినేషన్ కోసం ఆమె వెతుకుతుంటే, నెట్ సెంటర్ అబ్బాయి "ఎంపీసీ చదివి బీఏ ఏంటక్కా, బీకాం కంప్యూటర్స్ పెట్టుకో" అంటూ మొదటి ఆప్షన్ నొక్కేశాడు. మార్పించడానికి గంట పట్టింది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. అతనికి గానీ, ఆమెకు గానీ ఆ కాంబినేషన్‌లో ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు ఉంటుందో చెప్పిన వారు ఎవరూ లేరు.

అర్థశాస్త్రం ఆర్ట్స్ వాళ్లదన్న అపోహ వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ అర్థశాస్త్రం చదవాలంటే గణితం తప్పనిసరి. హెచ్ఈసీ, సీఈసీ చదివిన పిల్లలకు ఆ తలుపు పదహారేళ్ల వయసులోనే మూసుకుపోతోంది, తలుపు తెరిచి ఉన్న ఎంపీసీ పిల్లలేమో అటువైపు చూడడమే లేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, చరిత్ర, రాజనీతి శాస్త్రం, సామాజిక శాస్త్రం వంటి వాటిలో ఇంటర్ తర్వాత నేరుగా చేరగల అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కోర్సులున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి 2022లో మొదలైన ఉమ్మడి పరీక్ష సీయూఈటీని తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. గచ్చిబౌలికి కూతవేటు దూరంలో చదువుకున్న పిల్లల్లోనూ ఈ రెండు సంగతులూ తెలియనివారిని నేను చూశాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ విధానం తెచ్చినప్పుడు ఈ చిక్కు మరింత బిగుసుకుంది. మూడు సబ్జెక్టులు కలిపి చదివే పాత బీఏలో, ఒకటి నచ్చకపోయినా మరొకటి పట్టుకుని ఎంఏకు వెళ్లే వీలుండేది. ఇంటర్‌లో సామాజిక శాస్త్రాల ముఖమే చూడని విద్యార్థిని చేరిన రోజే ఒకే మేజర్ తేల్చుకోమన్న ఆ పద్ధతి ఎంతవరకు న్యాయమో విద్యావేత్తలు ఆలోచించాలి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు భవనాన్ని, బస్సు సౌకర్యాన్ని చూస్తున్నారు. ఆ సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు, గ్రంథాలయంలో పుస్తకాలు ఇంటికి ఇస్తారా, బోధన ఏ మాధ్యమంలో సాగుతుంది అన్న ప్రశ్నలు కూడా అడగాలని నా మనవి. చరిత్ర చెప్పే మనిషే లేని చోట చరిత్ర సీటు తీసుకుని ఏం లాభం? వీలైతే చేరకముందే ఒక పూట ఆ కళాశాలకు వెళ్లి, రెండో సంవత్సరం విద్యార్థితో మాట్లాడితే చాలా సంగతులు తెలుస్తాయి.

ఈ వివరాలను ప్రతి కళాశాల తన నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో ప్రవేశాల కంటే ముందే పెట్టేలా ఉన్నత విద్యామండళ్లు ఆదేశించాలి. అంతవరకు మీ పత్రిక వారానికి ఒక సబ్జెక్టు చొప్పున, సెమిస్టర్ వారీగా పేపర్ల పేర్లతో, ఆ సబ్జెక్టు చెప్పే ఒక అధ్యాపకుడి మాటల్లో పరిచయం చేయగలిగితే, రాజనీతి శాస్త్రం గురించి రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ