శరణార్థులకు స్వచ్ఛంద అనువాద సేవ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. 2024–25 ఆర్థిక సంవత్సరంలో మన సంస్థ చేసిన పనిని కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఆదాయ వ్యయాల పట్టికను, ఆడిటరు నివేదికను విడిగా జతపరిచాము కనుక ఇక్కడ పని గురించే రాస్తున్నాను.

కొత్తగా చేరిన సభ్యుల కోసం నేపథ్యం కొంత చెప్పాలి. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి 2017 ఆగస్టు 25 తరువాత అక్కడి ముస్లిం మైనారిటీ ప్రజలైన రోహింగ్యాలు ఏడు లక్షలకు పైగా బంగ్లాదేశ్‌కు తరలిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. అయితే మన హైదరాబాదులో బాలాపూర్ పరిసరాల్లో ఉంటున్న కుటుంబాల్లో చాలామంది అంతకు ముందే వచ్చినవారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారతదేశం భాగస్వామి కాదు. అందువల్ల ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డే వీరికి ప్రధాన ఆధారం. పనులకు వెళ్లే మగవాళ్లు కొన్నాళ్లకు దక్కనీ ఉర్దూ పట్టుకుంటారు గానీ, ఇంటిపట్టున ఉండే స్త్రీలకు తమ భాష తప్ప మరొకటి రాదు. ఆసుపత్రిలో ఎక్కువగా మాట్లాడవలసి వచ్చేది ఆ స్త్రీలకే.

ఈ కారణంగానే ఈ ఏడాది పత్రాల అనువాదం కంటే ఫోన్‌లో మాట అందించే పనికి ఎక్కువ సమయం కేటాయించాము. రోహింగ్యా నుంచి ఉర్దూలోకి ఒకరు, ఉర్దూ నుంచి తెలుగులోకి మరొకరు, ఇద్దరూ ఒకే కాల్‌లో ఉండి చెబుతారు. ఈ పద్ధతిలో ఆలస్యం జరుగుతుందని తెలుసు. రోహింగ్యా, తెలుగు రెండూ వచ్చినవారు దొరికేదాకా ఇంతకంటే నమ్మదగిన దారి మాకు కనిపించలేదు.

వర్షాకాలంలో జరిగిన ఒక పొరపాటును సభ్యుల ముందు దాచడం సరికాదు. ఒక పెద్దావిడ డాక్టరుతో ‘గా లామానీ’ అన్నారు. ఆ రోజు కాల్‌లో ఉన్న మన కార్యకర్తకు బెంగాలీ బాగా వచ్చు. ‘గా’ అంటే ఒళ్లు, కాబట్టి ఒళ్లు దిగజారిపోతోందని అర్థం చేసుకుని నీరసమని చెప్పారు. డాక్టరు బలానికి మందు రాయబోతుండగా, పక్కనే ఉన్న కోడలు కడుపు మీద చెయ్యి వేసి, వేళ్లు మడిచి ఎన్నిసార్లో చూపించింది. ఆవిడ చెప్పింది విరేచనాల గురించి. బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ శరణార్థి శిబిరాల్లో పనిచేసిన అనువాదకులు ఈ మాటను ఇదివరకే నమోదు చేశారు. మేము ముందే చదివి ఉండవలసింది. రోహింగ్యా భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు మాటకు దగ్గరిదే అయినా, బెంగాలీ వస్తే చాలుననుకోవడం తప్పు. ఆ వారం నుంచే శరీరం, నొప్పి, గర్భం, జ్వరాలకు సంబంధించిన పదకోశాన్ని బస్తీలోని స్త్రీలతోనే కూర్చుని తయారుచేయడం మొదలుపెట్టాము. పదాలు వారు చెప్పినవే, గొంతులూ వారివే, రికార్డు చేసుకోవడం మాత్రమే మన వంతు.

పిల్లల చేత అనువాదం చేయించకూడదన్న నియమాన్ని కూడా ఈ ఏడాదే ఖరారు చేశాము. బడికి వెళ్లే పిల్లలకు తెలుగు చకచకా వస్తుంది. దాంతో తల్లి గర్భస్రావం సంగతి పదేళ్ల కూతురు డాక్టరుకు చెప్పవలసిన పరిస్థితి వచ్చింది. ఆ పాప ఒక్కో మాటకూ తల్లి ముఖం వంక చూస్తూ, చివరికి గోడ వైపు తిరిగి చెప్పిందని మన కార్యకర్త తన నోట్‌లో రాశారు. ఆ నోట్ చదివిన తరువాత కార్యవర్గంలో ఈ నియమంపై చర్చ అవసరం లేకపోయింది.

పత్రాల విషయంలో అసలు చిక్కు పేర్ల దగ్గరే వస్తోంది. రోహింగ్యాలలో ఇంటిపేరు వాడుక లేదు, మన ఫారాల్లో మాత్రం ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని నమోదై ఉంటుంది. అసలు తేదీ తెలియనప్పుడు వేసే తేదీ అది. ‘మహమ్మద్’ అన్న ఒక్క పేరు మూడు కాగితాల మీద మూడు రకాలుగా ఉన్నప్పుడు, ఉచ్చారణ ప్రకారం సరిదిద్దాలని మనకు అనిపిస్తుంది. ఒక కార్యకర్త సదుద్దేశంతో అలా దిద్దినందువల్ల ఒక పిల్లవాడి బడి ప్రవేశం ఆగింది. ఇకమీదట శరణార్థి కార్డు మీద ఉన్న అక్షరాలనే, తప్పుగా తోచినా సరే, యథాతథంగా ఉంచాలి.

సాంకేతిక పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. రోహింగ్యా భాష రాయడానికి 1980లలో రూపొందిన హనీఫీ లిపి, కంప్యూటర్లలో, ఫోన్లలో లిపులకు వాడే యూనికోడ్ ప్రమాణంలో 2018 జూన్‌లో (11.0 వెర్షన్‌లో) చేరింది. మన యాప్‌లోనూ దానిని చేర్చాము. అయితే బస్తీలో ఆ లిపి చదవగలవారు తక్కువ. వాయిస్ సందేశాలే వారికి ఉపయోగపడుతున్నాయి. ఎవరి పత్రాన్నీ ఉచిత ఆన్‌లైన్ అనువాద సాధనాల్లో పెట్టరాదన్న నిషేధం కొనసాగుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాట అలా ఉంచితే, ప్రాణభయంతో ఊరు విడిచి వచ్చినవారి చిరునామా ఎక్కడికి చేరుతుందో మనకు తెలియనప్పుడు దానిని పంపే హక్కు మనకు లేదు. కాల్ రికార్డింగులను కూడా పని ముగిసిన వెంటనే తొలగిస్తున్నాము.

నిధులన్నీ స్థానిక విరాళాలే. విదేశాల్లోని తెలుగు మిత్రులు కొందరు సాయం చేస్తామన్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ నిధులను స్వీకరించలేము. 2020 సవరణ ప్రకారం ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. దరఖాస్తు చేయాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశమే నిర్ణయించాలి.

స్వచ్ఛంద సేవ అన్న మాట మీద కార్యవర్గంలో భేదాభిప్రాయం ఉంది. ఉద్యోగాలున్న మనం సాయంత్రం గంటసేపు ఇవ్వడం వేరు, ఆసుపత్రిలో అనువాదం కోసం రోజు కూలి పోగొట్టుకునే రోహింగ్యా యువకుడు ఉచితంగా చేయడం వేరు. అతనికి ప్రయాణ ఖర్చులతో పాటు పోయిన కూలికి తగిన భృతి ఇవ్వాలని నా అభిప్రాయం. దీనిని తీర్మానంగా ప్రతిపాదిస్తున్నాను.

రాత్రి పది గంటల తరువాత వచ్చే కాల్స్ తీసుకోవడానికి మనుషులు చాలడం లేదు. కాన్పులు ఎక్కువగా ఆ వేళలోనే వస్తున్నాయి. ఉర్దూ, తెలుగు రెండూ ధారాళంగా మాట్లాడగల సభ్యులు నెలలో ఒక్క రాత్రి కేటాయించగలిగితే, సమావేశం రోజున పేరు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి